నీలి గోడ, పసుపు గోడ

వేసవి సెలవులు రాగానే తెలుగు నాట పాఠశాలలకు వెల్ల వేయు కాలము వచ్చును. బల్లలు వరండాలోనికి చేరును. ఏడాది పొడవున విద్యార్థులు గోడలపై వ్రాసిన పేర్లు, గీసిన బొమ్మలు, బల్లల వీపులు రాచుకొని పడిన చారలు అన్నియు ఒక్క దినమున కుంచె క్రింద అణగిపోవును. ఆ దినమునకు ముందు ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక చిన్న చర్చ జరుగును. అది పది నిమిషములలో ముగియును. దాని ఫలితమును మాత్రము వందల కొలది పిల్లలు నాలుగైదేండ్లు చూచుచు కూర్చుందురు.

అట్టి చర్చ నొకదానిని ఊహించుకొనుట కష్టము కాదు. బల్లపై రంగుల కార్డు పరచి యున్నది. ప్రధానోపాధ్యాయుని వ్రేలు ఆకాశనీలము మీద నిలిచినది.

"నీలమే వేయింతము, మాస్టారూ. కంటికి చల్లగా నుండును. మరకలు కనబడవు."

డ్రాయింగు మాస్టరు కార్డును కిటికీ వెలుగునకు పట్టి చూచెను. "మరకలు కనబడకపోవుట గోడకు మంచిదే, అయ్యా. పిల్లలకు అక్షరములు కనబడవలయును గదా. లేత పసుపు వేయించుడు."

"పసుపు పెండ్లి యింటికి బాగుండును గాని బడికేల?" అని ప్రధానోపాధ్యాయుడు నవ్వెను. నీలము ఖాయమైనది.

పెద్దాయన చెప్పిన కారణములు రెండును లోకములో ఎందరో చెప్పునవే. మొదటిది సగము నిజము. రెండవది పూర్తిగా నిజమే గాని, నిజమైన మాట యెల్ల సరియైన కారణము కానేరదు. తరగతి గది గోడను మరకలు దాచు గుడ్డగా చూచుటలోనే పొరపాటున్నది. ఆ గోడ ఒక దీపము. తాను వెలుగదు; తనపై పడిన వెలుగును గదిలోనికి తిప్పి పంపును. కిటికీ ప్రక్కన కూర్చున్న విద్యార్థికి ఆకాశపు వెలుగు నేరుగా పుస్తకముపై పడును. అతనికి ఏ రంగు గోడయైనను ఒక్కటే. కిటికీకి దూరముగా, లోపలి గోడ నానుకొని చివరి బల్లపై కూర్చున్న వాని సంగతి వేరు. వాని పుస్తకమును చేరు వెలుగులో పెద్ద భాగము గోడలును పైకప్పును తిప్పి పంపినదే. కరెంటు దీపము లున్నవి కదా యనువారు కరెంటు పోయిన మబ్బు దినమున ఒక పల్లెటూరి పాఠశాలలో ఒక గంట కూర్చుండి రావలయును.

ఇందలి లెక్క గుణశ్రేఢి నేర్చిన విద్యార్థికి కొత్తది కాదు. తెల్లని సున్నపు గోడ తనపై బడిన వెలుగులో సుమారుగా నూటికి 80 పాళ్లు తిప్పి పంపును. లేత పసుపు 70 పాళ్ల వరకు పంపును. బళ్లలో సాధారణముగా కనబడు ఆకాశనీలము 50 పాళ్లు పంపునని అనుకొన్నచో అది దానికి అన్యాయము కాదు. ఈ మూటికిని ఉన్న భేదము చూచుటకు చిన్నదిగా తోచును. కాని వెలుగు ఒక గోడను తాకి ఊరకుండదు. ఎదుటి గోడను తాకును, మరల ఈ గోడకు వచ్చును. నలువైపుల, పైన, క్రింద ఒకే రంగు గల మూసిన గదిని ఊహించి 100 పాళ్ల వెలుగు అందు ప్రవేశించినదని తలచినచో, తెల్లని గదిలో 100, 80, 64, 51 అని శ్రేఢి సాగి మొత్తము 500 అగును. నీలి గదిలో 100, 50, 25 అని సాగి 200 వద్ద ఆగిపోవును. పసుపు గదిలో 333 అగును. నిజమైన గదిలో కిటికీలు, తలుపులు, నేల, నలుబది నల్లని తలలు ఉండును గనుక భేదము ఇంత ఉండదు. అయినను త్రాసు మ్రొగ్గు వైపు మారదు. 80కిని 50కిని గల తేడా ముప్పదియే యని కార్డు చూచి తలచినవాడు, గది లోపల ఆ తేడా పలుమడి పెరుగునని ఎరుగడు.

కార్డు చెప్పు అబద్ధము ఇంకొకటి కలదు. రంగుల కార్డుపై నున్న తునక అగ్గిపెట్టె యంత. దాని చుట్టును తెలుపు. గదిలో మాత్రము నీలము నీలమునకు ఎదురుగా నుండును. నీలి గోడ తనపై పడిన నీలి వెలుగును ఎక్కువగాను, ఎరుపు, పసుపు వెలుగులను తక్కువగాను పంపును. మొదటి తాకిడిలో నీలము నూటికి 80, ఎరుపు 50 మిగిలినచో, రెండవ తాకిడికి నీలము 64, ఎరుపు 25. మూడవ దానికి నీలము 51, ఎరుపు పన్నెండున్నర. అందుచేతనే కార్డుపై తేలికగా నున్న రంగు గదియంతయు వేయగానే చిక్కపడును. రంగు వేసిన మరునాడు "మేము కోరినది ఇది కాదు" అని పెయింటరుతో తగవులాడువారు ఈ లెక్క తెలియనివారే. పెయింటరు దోషము ఏమియు లేదు. పసుపునకును ఇదే గతి. కార్డుపై ముచ్చటగా నున్న పసుపు నాలుగు గోడలకు చేరునప్పటికి మిఠాయి దుకాణమగును. కనుక ఏ రంగు కోరినను కార్డుపై దానికంటె రెండు మెట్లు లేతదానిని తీసికొనవలయును. కొన్ని కంపెనీలు ప్రతి రంగునకును ఎల్.ఆర్.వి. అను అంకెను ఇచ్చుచున్నవి; గోడ నూటికి ఎన్ని పాళ్ల వెలుగు తిప్పి పంపునో ఆ అంకె చెప్పును. రంగు పేరు ఎంత అందముగా నున్నను ముందుగా ఆ అంకె అడుగుట మేలు.

ఇంతకును తెలుగు వారి గోడలకు నీలము ఎట్లు పట్టినది? దీనికి మూలము చిటికెడు నీలిమందులో నున్నది. సున్నపురాయిని కాల్చి, నీటిలో విరిచి గోడకు పూసినప్పుడు అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయియే యగును. ఆ రాతి పొర యొక్క తెలుపులో, రాతిలోని మన్ను వలన, లేశమాత్రము పసుపు ఛాయ యుండును. పంచెలకు నీలము పెట్టు గృహిణి ఎరిగిన రహస్యమునే వెల్ల వేయువాడును ఎరుగును. పసుపు ఛాయకు నీలము విరుగుడు. కుండెడు సున్నములో చిటికెడు నీలిమందు కలిపినచో తెలుపు మరింత తెల్లగా కనబడును. ఇచ్చట కనబడును అను మాట ముఖ్యము. నీలిమందు సున్నమునకు వెలుగును చేర్చలేదు. పసుపు వెలుగులో కొంత తాను మ్రింగి, మిగిలినదానిని సరిసమానము చేసినది. కంటికి తెలుపు పెరిగినది. గదిలో వెలుగు ఇసుమంత తగ్గినది. చిటికెడు వరకు ఇది మంచి బేరమే. తరువాతి వారి చేతిలో చిటికెడు పిడికెడైనది. పిమ్మట సున్నము పోయి డిస్టెంపరు డబ్బా వచ్చినది. తెలుపును తెల్లగా చూపుటకు వచ్చిన నీలము తెలుపును వెళ్లగొట్టి తానే గోడ యయ్యెను.

ఈ నీలిమందునకు గొప్ప చరిత్రయే కలదు. ఒకప్పుడు ఆఫ్గనిస్థానములోని బదక్షాన్ కొండలలో దొరకు నీలపురాతిని నూరి ఈ రంగును తీయవలసి యుండెను. ఐరోపా చిత్రకారులు దానిని బంగారముతో సమానముగా చూచిరి. 1820ల దశకమున ఫ్రాన్సులో గిమే అను రసాయన శాస్త్రజ్ఞుడు దానిని కృత్రిమముగా తయారుచేసెను. చాకిరేవునకు అందుబాటైన నీలము అట్లు పుట్టినదే. ఇది సున్నమునకు చెడదు. ప్రష్యను నీలము అను మరియొక రంగు సున్నపు ఘాటుకు తాళలేక తుప్పువన్నెకు తిరుగును. పసుపు రంగులలోను ఇట్టి భేదమే యున్నది. వంటింటి పసుపును సున్నములో కలిపి గోడకు పూయదలచినవానికి గోడ ఎర్రబడును. పెండ్లికూతురి పాదములకు దిద్దు పారాణి పుట్టినది ఆ కలయికనుండియే కదా. సున్నములో నిలుచు పసుపు, మన్ను నుండి వచ్చు పసుపు. అది ఇనుపతుప్పునకు దగ్గరి చుట్టము. ఎర్రని జేగురుమన్నునకు తోబుట్టువు. సైన్సు ఉపాధ్యాయుడు నాలుగు గాజు గిన్నెలలో సున్నపు నీరు పోసి ఈ నాలుగు రంగులను కలిపి చూపినచో ఆ పాఠమును విద్యార్థులు మరువరు.

కన్ను ఏమి చెప్పుచున్నదో కూడ వినవలసి యున్నది. పట్టపగటి వెలుగులో మానవ నేత్రము అన్నింటికంటె ఎక్కువగా గ్రహించునది పసుపు, ఆకుపచ్చల నడిమి కాంతిని. 555 నానోమీటర్ల వద్ద దాని శక్తి పతాక స్థాయిలో నుండును. నీలమునకు పోవుకొలది ఆ శక్తి త్వరత్వరగా పడిపోవును. మసక చీకటిలో కథ మారును. ఎరుపు పూలు నల్లబడి, నీలి పూలు వెలుగుచున్నట్లు తోచును. 19వ శతాబ్దమున పుర్కిన్యే అను చెక్ శాస్త్రజ్ఞుడు దీనిని గమనించినందున అది ఆయన పేరుతోనే ప్రసిద్ధమైనది. సందె చీకటిలో నీలి గోడ అందముగా కనబడుటకు కారణమిదే. కాని చిన్న అక్షరములను చదువునది ఆ సందె చూపు కాదు, పగటి చూపు. పడకగదిలో నీలము నిద్రకు ముందు హాయిగా నుండవచ్చును. బడి నిద్రించు చోటు కాదు. కొన్ని తరగతులలో మధ్యాహ్నపు గంట సంగతి వేరు.

నీలమును వెనుకవేసికొని వచ్చువారికి గొప్ప సాక్షులు లేకపోలేదు. జర్మను కవి గోథే 1810లో రంగులపై పెద్ద గ్రంథము ప్రకటించెను. పసుపు కంటికి వెచ్చదనమును, నీలము చల్లదనమును ఇచ్చునని ఆయన అభిప్రాయము. నీలి గది పెద్దదిగా తోచును గాని బోసిగా నుండునని కూడ ఆయనకు తోచినది. వైమారు పట్టణములోని ఆయన ఇంట భోజనము పెట్టు గది పసుపు; అతిథులను కూర్చుండబెట్టు గది నీలము; తాను వ్రాసికొను గదికి ఈ రెండును కాక ఆకుపచ్చను ఎంచుకొనెను. చిత్రకారుడు మోనే 1883 నుండి 1926లో మరణించువరకు జీవించిన జివెర్నీ ఇంటిలోను భోజనశాల నిండు పసుపు. దానికి చేరువనున్న వంటగది నీలము. అంతియే కాదు, చదువుకొను చిన్న గదియు నీలమే. ఇది పసుపు పక్షమునకు కొంత ఇబ్బందియైన సంగతి. కాని మోనే ఇంట తనకు నచ్చిన కుర్చీని నచ్చిన కిటికీ చెంతకు జరుపుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మన చివరి బల్ల పిల్లవానికి ఆ స్వేచ్ఛ లేదు. మాస్టరు చూపిన చోటనే వాడు ఏడాది పొడవున కూర్చుండవలయును.

చల్లదనము మాట సగము నిజమని పైన చెప్పబడినది. నీలమును చూచినప్పుడు చల్లగా నున్నట్లు మనస్సునకు తోచుట నిజము. మే నెలలో రెంటచింతలలోనో రామగుండములోనో దాని విలువను కాదనువాడు రసికుడు కాడు. కాని గది లోపలి గోడకు వేసిన నీలము థర్మామీటరును ఒక్క గీతయైనను దించలేదు. వేడి వచ్చునది పైనుండి. డాబా కప్పు మీద ఎండ పడునట్టి చోట తెల్లని సున్నమును గాని, ఎండను తిప్పికొట్టు తెల్లని పూతను గాని వేసినచో గది నిజముగనే చల్లబడును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది ఈ సూత్రము మీదనే. చల్లదనము కోరు ప్రధానోపాధ్యాయుడు కుంచెను గదిలోనికి గాక మిద్దె మీదికి పంపవలసి యున్నది.

అట్లని పసుపును నెత్తి కెత్తుకొన పనిలేదు. దానికిని దోషములు కలవు. వానిలో ఒకటి చిన్నది కాదు. నిగనిగలాడు పసుపు ఆయిలు పెయింటులలో చాలకాలము సీసపు రంగును వాడిరి. సీసము పిల్లల మెదడునకు శత్రువు. ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని భారత ప్రభుత్వము 2016లో నిబంధనలు చేయగా, 2017 నవంబరు 1 నుండి అవి అమలులోనికి వచ్చినవి. అంతకు పూర్వము వేసిన పాత పసుపు తలుపులు, కిటికీ రెక్కలు, గోడల అడుగు పట్టీలు ఎన్నో బళ్లలో ఇంకను పెచ్చులూడుచు ఉన్నవి. వానిని పొడిగా గీకి ఆ ధూళిని గదిలోనికి ఎగురవేయుట కంటె పెద్ద తప్పు లేదు. సెలవులలో, పిల్లలు లేని వేళ, తడిపి తీయవలయును. తీసిన పెచ్చులను ఆటస్థలములో పారవేయరాదు. ఇక కొత్త డబ్బా కొనునప్పుడు సీసము లేదని దానిపై వ్రాసియున్నదా యని చూచుట ఏ రంగునకైనను అవసరమే, పసుపునకు మరింత అవసరము.

మరకల సంగతి మిగిలినది. లేత పసుపుపై మరక కనబడును, సందేహము లేదు. కనబడిన మరకను తుడువవచ్చును. కనబడని మరక అట్లే యుండును. అయినను తుడుచువాడు లేని బళ్లు ఎన్నియో గనుక, నేల నుండి పిల్లల భుజముల ఎత్తు వరకు ముదురు రంగు పట్టీ వేయు పాత ఆచారము తెలివిగలదే. చేతులు, చెప్పులు, బల్ల వీపులు తాకునది ఆ మేరయే. వెలుగును పంపు పని దాని పైభాగమునకును పైకప్పునకును అప్పగింపవచ్చును. పైకప్పు మాత్రము తెల్లగానే యుండవలయును. అంతయు తెలుపే యుండరాదా యన్నచో, ఎండ నేరుగా పడు గోడపై తెలుపు మిరుమిట్లు గొలుపును. నల్లబల్ల ప్రక్కన ఆ మిరుమిట్లు కంటికి శ్రమ. తెలుపులో పసుపువన్నె మన్ను కొంచెము చేరినప్పుడు ఆ పదును విరుగును, వెలుగు పెద్దగా తరుగదు.

నీలమునకు తగిన గది లేదా? ఉన్నది. పెద్ద కిటికీలు గల పడమటి గదిలో మధ్యాహ్నము మూడు గంటలకు ఎర్రని ఎండ చొచ్చుకొని వచ్చును. అచ్చట పసుపు గోడ అగ్నికి ఆజ్యము పోసినట్లుండును. మిక్కిలి లేత నీలము ఆ గదికి ఒప్పును. ఉత్తరపు గదికి వచ్చునది సూర్యుని వెలుగు కాదు, ఆకాశపు వెలుగు. అది స్వయముగా నీలి ఛాయ గలది. దానికి నీలి గోడను జోడించుట వలన పిల్లల ముఖములు కూడ పాలిపోయినట్లు కనబడును. ఇంత భేదము గది గదికి ఉండగా బడియంతటికి ఒకే డబ్బా కొనుట కొనువారికి సుఖమే గాని కూర్చుండువారికి కాదు. 2019లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన 'మన బడి: నాడు–నేడు' పనులలో గోడలకు రంగులు వేయుటయు ఒకటిగా నుండెను. పాత బళ్లకు కొత్త రంగు వచ్చుట సంతోషింపదగినదే. కాని ఒక్క నిర్ణయము వేలాది గోడల మీదికి ప్రాకు పనులలో, కిటికీ ఏ దిక్కున నున్నదని అడుగువాడు ఆ బడి ఉపాధ్యాయుడు తప్ప వేరొకడు ఉండడు.

డ్రాయింగు మాస్టరు ఆ దినము అడుగవలసిన వరము ఒకటి యుండెను. ఒకే దిక్కున, ఒకే కొలతలో నున్న రెండు గదులను తీసికొని ఒకదానికి నీలము, ప్రక్కదానికి లేత పసుపు వేయించుట. ఏ రంగో ఒకటి వేయింపవలసినదే గనుక ఇందు అదనపు ఖర్చు లేదు. బళ్లు తెరచిన పిమ్మట ఆషాఢ మాసపు మబ్బు పట్టిన ఒకానొక ఉదయమున, దీపములు ఆర్పి, వెలుగును కొలుచు యాప్ గల ఫోనును రెండు గదులలోను చివరి బల్ల మీద ఒకే చోట నుంచి అంకెలు వ్రాసికొనవలయును. పిమ్మట ఆ బల్ల మీది పిల్లవానిని పిలిచి, తెలుగు వాచకమును చేతికిచ్చి, ఒక పేజీ ఆ గదిలోను, ఒక పేజీ ఈ గదిలోను చదివింపవలయును. ఏ గదిలో వాడు పుస్తకమును ముఖమునకు దగ్గరగా తెచ్చుకొనెనో ప్రధానోపాధ్యాయుడే తలుపు దగ్గర నిలిచి చూడవచ్చును.